గోడలోని తీగ: నిజాంపేట నివాసాలలో నెట్‌వర్క్ కేబుళ్లు, ఫేస్‌ప్లేట్ల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సైబరాబాద్ చరిత్రను భూముల ధరలు, రహదారులు, అద్దాల భవనాల ఆధారంగా రాసిన రచనలు అనేకం. ఆ భవనాలలో పనిచేసేవారి ఇళ్ల గోడలలో ఏ తీగ ఉన్నదో, ఎందుకు ఉన్నదో పరిశీలించినవి అరుదు. హైటెక్ సిటీకి ఉత్తరాన ఉన్న నిజాంపేటను ఆధారంగా చేసుకొని, గృహ, కార్యాలయ నెట్‌వర్క్‌లకు కేబుళ్లను, గోడ ప్లేట్లను ఎంచుకునే పద్ధతి గత మూడు దశాబ్దాలలో ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎంపిక అనేది కేబులు రకానికి సంబంధించినదిగా కనిపించినా, వాస్తవంలో అది గోడలోని ఖాళీ పైపుకు, ఆ పైపు మీద అధికారానికి సంబంధించినదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిజాంపేట, హైటెక్ సిటీ, ఈథర్నెట్, స్ట్రక్చర్డ్ కేబులింగ్, ఫేస్‌ప్లేట్, కేబుల్ ఆపరేటర్లు, అపార్ట్‌మెంట్లు, ఇంటి నుండి పని

1. ఉపోద్ఘాతం

1990ల చివరి నుండి 2010ల దాకా నిజాంపేటలో కట్టిన అపార్ట్‌మెంట్లలో ఒక సామాన్య దృశ్యం ఉంది. హాలులో టీవీ వచ్చే గోడ మీద స్విచ్ బోర్డు, అందులో ఒక టీవీ సాకెట్, దాని పక్కన టెలిఫోను జాక్. రెండూ చాలా ఇళ్లలో నిరుపయోగంగా ఉంటాయి. ఇంటర్నెట్ తీసుకువచ్చే నల్లని సన్న తీగ మాత్రం బాల్కనీ తలుపు సందులోంచో, కిటికీ చట్రానికి వేసిన రంధ్రంలోంచో లోపలికి వచ్చి, స్కర్టింగు వెంట మేకు క్లిప్పులతో నడిచి, సోఫా వెనుక ఉన్న రౌటరును చేరుతుంది. ఆ ఇంటివారు పనిచేసే కార్యాలయం పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ ప్రతి బల్ల కింద సంఖ్యలు వేసిన రెండు పోర్టుల ఫేస్‌ప్లేటు ఉంటుంది. ప్రతి తీగకు రెండు చివరలా చీటీ ఉంటుంది. ఏ తీగ ఏ ప్యాచ్ ప్యానెలులో ఏ స్థానానికి పోతుందో చెప్పే పట్టిక ఉంటుంది.

ఈ రెండు గోడల మధ్య తేడాను డబ్బుతోనో, నివాసుల అశ్రద్ధతోనో వివరించడం సులభం. కాని ఆ వివరణ చాలదు. నెట్‌వర్క్ పరిజ్ఞానంలో దేశంలోనే నిపుణులనదగినవారు గణనీయంగా నివసించే ప్రాంతమిది. తెలిసినవారి ఇళ్లలోనే తెలిసిన పద్ధతి అమలు కాకపోవడానికి కారణం చారిత్రకమైనది. ఆ కారణాన్ని వెదకడానికి ముందుగా తీగ స్వభావాన్ని, దానికి ప్రమాణాలు ఏర్పడిన క్రమాన్ని కొంత తెలుసుకోవాలి.

2. పేనిన తీగ, ఎనిమిది గుంటల జాక్

రెండు రాగి తీగలను ఒకదానితో ఒకటి పేనితే బయటి విద్యుత్ ప్రభావం రెండింటి మీదా సమానంగా పడి, అవతలి చివరన ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చదివితే రద్దవుతుంది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందాడు. కాని కంప్యూటర్ల నెట్‌వర్క్ మొదట ఈ దారిన నడవలేదు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రతిపాదించిన ఈథర్నెట్ మందమైన కోయాక్సియల్ తీగను ఆధారం చేసుకుంది. 1983లో ఐ.ఇ.ఇ.ఇ. 802.3 ప్రమాణంగా స్థిరపడినప్పుడు కూడా మాధ్యమం అదే. ఒకే తీగ గదులన్నిటి గుండా సాగిపోయేది. ఎక్కడ తెగినా అందరికీ ఆగిపోయేది.

1990లో వెలువడిన 10బేస్-టి ప్రమాణం దీన్ని మార్చింది. టెలిఫోను పద్ధతిలో ప్రతి బల్లకూ విడిగా ఒక పేనిన తీగ, అన్నీ ఒక గదిలోని హబ్బుకు చేరడం అనే నక్షత్రాకార అమరిక వచ్చింది. ఈ మార్పు వేగం కంటే నిర్మాణానికే ఎక్కువ సంబంధించినది. తీగ యంత్రానికి ఉపకరణంగా ఉండడం మాని భవనానికి అంగమైంది. నీటి గొట్టం, విద్యుత్తు వైరు సరసన దానికీ చోటు కావలసివచ్చింది. 1991లో అమెరికా టెలికాం పరిశ్రమల సంఘం వెలువరించిన 568 ప్రమాణం ఈ చోటును క్రమబద్ధం చేసింది. పరికరాల గది నుండి గోడ ప్లేటు వరకు 90 మీటర్లు, రెండు చివరల ప్యాచ్ కార్డులకు మరో 10 మీటర్లు, మొత్తం 100 మీటర్లు అనే హద్దు ఆనాటి నుండి నేటివరకు మారలేదు.

మారినది తీగ తరగతి. 100 మెగాహెర్ట్‌జ్‌ల వరకు పరీక్షించిన క్యాట్ 5, 1999-2000 నాటికి క్యాట్ 5ఇ, 2002లో 250 మెగాహెర్ట్‌జ్‌ల క్యాట్ 6, 2008లో 500 మెగాహెర్ట్‌జ్‌ల క్యాట్ 6ఏ వరుసగా వచ్చాయి. వీటి మీద నడిచే ఈథర్నెట్ వేగం 1995లో సెకనుకు 100 మెగాబిట్లకు, 1999లో 1 గిగాబిట్‌కు, 2006లో 10 గిగాబిట్లకు చేరింది. 2016లో వచ్చిన 802.3బిజెడ్ ప్రమాణం ఆసక్తికరమైన వెనుకడుగు. పాత భవనాలలో లక్షలాది మీటర్ల క్యాట్ 5ఇ తీగను పీకివేయలేక, దాని మీదనే 2.5 గిగాబిట్లు నడపడానికి అందులో మార్గం చూపారు. గోడలోని తీగను మార్చడం కంటే దానికి తగినట్లు యంత్రాన్ని మార్చడమే చవక అని పరిశ్రమ అంగీకరించిన సందర్భమది.

జాక్ విషయం కొంత వింతైనది. అందరూ ఆర్.జె.45 అని పిలిచే ఎనిమిది స్థానాల జాక్ అసలు ఆ పేరుకు చెందినది కాదు. అమెరికా టెలిఫోను వ్యవస్థలో ఆ పేరు వేరొక అనుసంధానానిది. అలవాటు పొరపాటును నిలబెట్టింది. ఎనిమిది తీగలను జాక్‌లో అమర్చే రంగుల క్రమాలు రెండున్నాయి. టి568ఏ, టి568బి. రెండవది ఎ.టి.&టి. సంస్థ అంతకుముందు వాడిన క్రమమే. భారతీయ విపణిలో బి క్రమం ఎక్కువగా వాడుకలో ఉంది. రెండు చివరలా ఒకే క్రమం ఉన్నంతవరకు ఏది వాడినా పనితీరులో తేడా ఉండదు.

3. కార్యాలయపు గోడ: సైబర్ టవర్స్ నమూనా

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఈ ప్రమాణాలు పరిపక్వమైన కాలంలో పుట్టిన భవనం. పది అంతస్తులు, మధ్యన ఖాళీ ప్రాంగణం చుట్టూ నాలుగు చతుర్థభాగాలు. అందులోని సంస్థల చిరునామాలే అమరికను చెబుతాయి. అంతస్తు సంఖ్య, క్యూ అక్షరం, చతుర్థభాగం సంఖ్య. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ హైదరాబాదు చిరునామా 6క్యూ3గా చాలాకాలం ప్రసిద్ధం. అద్దెకు తీసుకున్న సంస్థ తన కార్యాలయాన్ని తానే అమర్చుకునే భవనమిది. తీగల పని భవన నిర్మాణంలో భాగం కాకుండా, ప్రతి సంస్థ విడిగా చేయించుకునే గుత్తపనిగా ఏర్పడింది.

ఆ గుత్తపనికి నియమాలు విదేశీ ఖాతాదారుల నుండి వచ్చాయి. కేబులు, జాక్, ఫేస్‌ప్లేటు, ప్యాచ్ ప్యానెల్ అన్నీ ఒకే తయారీదారువి కావాలి. పనివారు ఆ సంస్థ వద్ద శిక్షణ పొందినవారై ఉండాలి. ప్రతి తీగనూ పరీక్షా యంత్రంతో కొలిచి నివేదిక ఇవ్వాలి. అప్పుడే తయారీదారు 20 లేదా 25 ఏళ్ల హామీ ఇస్తాడు. బల్ల దగ్గరి ఫేస్‌ప్లేటుకు ఈ వృత్తిలో ‘ఐ.ఓ.’ అనే పేరు స్థిరపడింది. ఒక్కో అంతస్తుకు ఎన్ని ‘ఐ.ఓ. పాయింట్లు’ అన్నదే ధరల పట్టికలో కొలమానం. అమీర్‌పేట శిక్షణ సంస్థలలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులు చదివిన జిల్లాల యువకులు పలువురు ఈ పనుల ద్వారానే వృత్తిలో ప్రవేశించారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 305 మీటర్ల కేబుల్ పెట్టెలు, క్రింపింగ్ పరికరాలు దొరికేవి. వెయ్యి అడుగుల పాత కొలతే మీటర్లలో 305 అయింది.

ఇక్కడ గమనించవలసినది నైపుణ్యం లభ్యత. పంచింగ్ పరికరంతో జాక్‌లో తీగ దిగవేయడం, పేనిన జతను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకపోవడం, వంపు వ్యాసార్థం తీగ మందానికి నాలుగు రెట్లకు తగ్గకుండా చూడడం తెలిసిన పనివారు 2000 నాటికే హైదరాబాదులో ఉన్నారు. నివాస భవనం కట్టే బిల్డరు వారిని పిలవలేదు. అతడు పిలిచినది విద్యుత్ పనివాడిని.

4. నిజాంపేట: పంచాయతీ కాలపు గోడలు

కూకట్‌పల్లి గృహనిర్మాణ మండలి కాలనీ, జె.ఎన్.టి.యు. ప్రాంతం నిండిన తరువాత నివాసాల విస్తరణ జె.ఎన్.టి.యు. కూడలి నుండి బాచుపల్లి వైపు పోయే నిజాంపేట రోడ్డు వెంట సాగింది. 2007 ఏప్రిల్ 16న పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది గ్రామపంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు నిజాంపేట అందులో చేరలేదు. మరో దశాబ్దం పైగా పంచాయతీగానే ఉండి, 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి ప్రత్యేక మునిసిపల్ కార్పొరేషన్ అయింది. ఈ మధ్యకాలంలోనే దాని రూపం మారింది. స్టిల్టు మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు వందల గజాల స్థలాలలో ఒకదాని పక్కన ఒకటి లేచాయి.

ఆ భవనాల నిర్మాణక్రమంలో తీగల దారి రెండు సందర్భాలలో నిర్ణయమవుతుంది. స్లాబు కమ్మీ కట్టిన తరువాత, కాంక్రీటు పోయకముందు పి.వి.సి. పైపులు పరుస్తారు. ఆ తరువాత ఇటుక గోడలు లేచాక, పూతకు ముందు గాడి కొట్టి పైపులను, స్విచ్ బోర్డు పెట్టెలను బిగిస్తారు. ఈ రెండు రోజులు దాటితే తీగకు గోడలో చోటు ఉండదు. ఎక్కడెక్కడ పాయింట్లు కావాలో బిల్డరు లేదా అతని విద్యుత్ గుత్తేదారు ఆనవాయితీ ప్రకారం నిర్ణయిస్తాడు. కొనుగోలుదారు చాలాసార్లు అప్పటికి రంగంలోనే ఉండడు.

ఆ ఆనవాయితీ టెలిఫోను, కేబుల్ టీవీ యుగాల నుండి వచ్చింది. టెలికాం శాఖ కాలంలో వారి బాధ్యత వీధిలోని డీపీ పెట్టె నుండి ఇంటిలోని రోజెట్ వరకు ఉండేది. ఆ లోపలి తీగ సాధారణమైన రెండు జతల తీగ. ఈథర్నెట్‌కు పనికిరాదు. 1990ల ఆరంభంలో ఉపగ్రహ చానెళ్లతో కేబుల్ ఆపరేటర్లు వచ్చారు. 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వారికి గుర్తింపు ఇచ్చింది. టీవీ సాకెట్ తప్పనిసరి అయింది. బ్రోచర్లలో ‘హాలు, మాస్టర్ బెడ్‌రూములలో టీవీ, టెలిఫోను పాయింట్లు’ అనే వాక్యం స్థిరపడింది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ తెరిచినా, 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించినా, 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ సేవ మొదలైనా ఆ వాక్యం మారలేదు. మారవలసిన అవసరమూ అప్పుడు కనబడలేదు. డి.ఎస్.ఎల్. టెలిఫోను తీగ మీదనే వచ్చింది కనుక టెలిఫోను పాయింటే ఇంటర్నెట్ పాయింటైంది.

2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను లైసెన్సు అవసరం లేకుండా వాడుకోనిచ్చింది. ఇంటిలో వైఫైకి చట్టబద్ధమైన దారి తెరుచుకున్నది అప్పుడే. ఇక గోడలో తీగ ఎందుకు అనే భావన బలపడింది. నిజాంపేట అపార్ట్‌మెంట్లలో తీగ ప్రవేశించకపోవడానికి ఇది నిర్ణాయక ఘట్టం. వైఫై వచ్చి వైరును ఓడించింది అనడం కన్నా, వైరు రాకముందే వైఫై వచ్చి దాని చోటును ఆక్రమించింది అనడం సరైనది.

5. మిద్దెల మీదుగా వచ్చిన ఈథర్నెట్

అయితే ఈథర్నెట్ ఇళ్లకు రాలేదని కాదు. అనూహ్యమైన దారిలో వచ్చింది. కేబుల్ ఆపరేటర్లు, స్థానిక ఇంటర్నెట్ సంస్థలు క్యాట్ 5 తీగను కార్యాలయం లోపలి వస్తువుగా కాక వీధి వస్తువుగా వాడారు. మిద్దె నుండి మిద్దెకు, స్తంభం నుండి స్తంభానికి తీగ లాగి, 100 మీటర్ల హద్దు లోపల ఒక చిన్న స్విచ్‌ను రేకు పెట్టెలో పెట్టి, అక్కడి నుండి మళ్లీ తీగ. హైదరాబాదులో బీమ్ సంస్థ ఫైబర్‌ను భవనం వరకు తెచ్చి, అక్కడి నుండి ఫ్లాట్లకు రాగి ఈథర్నెట్ తీగ ఇచ్చే పద్ధతిని విస్తృతం చేసింది. ఆ సంస్థ తరువాత బెంగళూరుకు చెందిన ఏ.సి.టి.లో విలీనమైంది.

ప్రమాణాల గ్రంథం దృష్టిలో ఇది దోషభూయిష్ఠం. లోపలి వాడకానికి చేసిన తీగ తొడుగు ఎండకు పెళుసెక్కుతుంది. రెండు భవనాల ఎర్తింగ్ మధ్య విద్యుత్ పీడన భేదం రాగి తీగ గుండా ప్రవహిస్తుంది. ఉరుముల కాలంలో స్విచ్ పోర్టులు కాలిపోతాయి. కాని ఈ పద్ధతి పనిచేసింది, చవకగా పనిచేసింది. తెలుగు నగరాల మధ్యతరగతి ఇళ్లకు నిరంతర ఇంటర్నెట్ అందించిన ఘనతలో దీని వాటాను తక్కువ చేయరాదు.

ఈ పద్ధతి ఒక అలవాటును మాత్రం మిగిల్చింది. 100 మెగాబిట్ల ఈథర్నెట్‌కు నాలుగు జతలలో రెండే చాలు. 1-2, 3-6 స్థానాలు. అందువల్ల ఒకే కేబులును చివర చీల్చి రెండు ఫ్లాట్లకు, లేదా ఒక ఫ్లాట్‌కూ ఒక కెమెరాకూ ఇవ్వడం పనివారికి సులభోపాయమైంది. 2017 మార్చిలో ఏ.సి.టి. హైదరాబాదులో 1 గిగాబిట్ సేవను ప్రకటించింది. ఆ వేగానికి నాలుగు జతలూ కావాలి. గిగాబిట్‌కు డబ్బు కట్టిన ఇంటిలోనైనా, దారిలో ఎక్కడైనా చీల్చిన తీగ ఉంటే, యంత్రాలు తమంతట తామే 100 మెగాబిట్లకు దిగిపోతాయి. ఏ హెచ్చరికా ఉండదు. వినియోగదారుడు సంస్థను నిందిస్తాడు, సంస్థ రౌటరును మారుస్తుంది. దోషం షాఫ్టులోని తీగలో ఉంటుంది.

సెల్లార్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భవనపు స్విచ్ పెట్టెను విద్యుత్ మీటర్ల పక్కన, సెల్లారు లేదా స్టిల్టు గోడకు బిగించడం రివాజు. 2016 సెప్టెంబరు వానలలో నిజాంపేట భండారీ లేఅవుట్ నీట మునిగి, నివాసులు ఇళ్లలో చిక్కుకొని, సహాయక బృందాలు దిగవలసివచ్చింది. పరికరాల గదిని నీరు చేరే మట్టానికి పైన ఉంచాలన్న పాఠం కేబులింగ్ ప్రమాణాలలో ఎప్పటినుండో ఉంది. చెరువు పల్లంలో కట్టిన భవనానికి ఆ పాఠం వర్తించినంతగా మరి దేనికీ వర్తించదు.

6. కెమెరా ముందు, మనిషి తరువాత

అపార్ట్‌మెంట్ల గోడలలోకి నాణ్యమైన పేనిన తీగ మొదట నివాసుల కోసం రాలేదు, నిఘా కెమెరాల కోసం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలలో కెమెరాలను తప్పనిసరి చేసింది. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కాలనీలను, అపార్ట్‌మెంట్ సంఘాలను స్వచ్ఛందంగా కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించింది. ఈథర్నెట్ తీగ మీదనే విద్యుత్తు అందించే ప్రమాణం 2003లో వచ్చి, 2009లో, 2018లో శక్తి పెంచుకుంది. కెమెరాకు విడిగా కరెంటు తీగ అవసరం తప్పింది.

దీంతో తీగ నాణ్యత భద్రతా ప్రశ్న అయింది. విపణిలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ‘క్యాట్ 6’ పేరుతోనే దొరుకుతుంది. ధరలో గణనీయంగా తక్కువ. అంతర్జాతీయ కేబులింగ్ ప్రమాణాలు దీన్ని అంగీకరించవు. దాని నిరోధం రాగి కంటే సుమారు సగం పైన ఎక్కువ. విద్యుత్తు మోసినప్పుడు ఎక్కువ వేడెక్కుతుంది. జాక్‌లో దిగవేసిన చోట త్వరగా విరిగి, తుప్పు పట్టి, అనుసంధానం సడలుతుంది. చాకుతో గీకితే లోపల తెలుపు కనిపించడం, పెట్టె ఎత్తి చూస్తే తేలికగా ఉండడం దీనికి గుర్తులు. కోఠి, ట్రూప్ బజార్ దుకాణాలలో అనుభవజ్ఞులైన పనివారు చేసే మొదటి పరీక్షలు ఈ రెండే.

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందు, మార్చి 13న, టెలికాం శాఖ కాల్ సెంటర్లు, ఐటీ ఆధారిత సేవా సంస్థల ఉద్యోగులు ఇంటి నుండి పనిచేయడానికి ఉన్న షరతులను సడలించింది. నవంబరు 5న ఆ సడలింపును కొత్త మార్గదర్శకాలుగా స్థిరపరిచింది. అప్పటివరకు బ్యాంకు గ్యారంటీ, ఆమోదిత ప్రైవేటు నెట్‌వర్క్ వంటి నిబంధనల మధ్య జరిగిన పని ఒక్కసారిగా నిజాంపేట పడకగదులకు తరలింది. కార్యాలయపు గోడ, ఇంటి గోడ మొదటిసారి ఒకే పనికి జవాబుదారీ అయ్యాయి.

అప్పుడు వైఫై పరిమితి బయటపడింది. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి తగలని చానెళ్లు మూడే. పది అడుగుల దూరంలో మరో భవనం, అందులో ప్రతి ఫ్లాటులో ఒక రౌటరు. 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలను 2018 అక్టోబరులో విస్తృతంగా లైసెన్సు నుండి మినహాయించారు కాని, అవి గోడలను దాటడంలో మరింత బలహీనం. భార్యాభర్తలిద్దరూ రెండు గదులలో సమావేశాలలో ఉండి, పిల్లలు మూడవ గదిలో తరగతి వింటున్న ఇంటిలో, హాలులోని ఒక్క రౌటరు చాలలేదు. గోడల మీద తెల్లని పి.వి.సి. కేసింగ్ పట్టీలు వెలిశాయి. నిరుపయోగమైన టీవీ కోయాక్సియల్ తీగ చివరకు క్యాట్ 6 కట్టి, ఇవతల నుండి లాగి, పాత పైపులోనే కొత్త తీగను ఎక్కించడం ఎలక్ట్రీషియన్లకు కొత్త పని అయింది. టీవీ పాయింటు ఈ విధంగా తన చివరి సేవ చేసింది.

7. ఎంపిక: తీగ, ప్లేటు, పైపు

ఈ చరిత్ర నేపథ్యంలో ఎంపికను పరిశీలిస్తే, వినియోగదారులు ఎక్కువగా చర్చించే ప్రశ్న, క్యాట్ 5ఇ, 6, 6ఏలలో ఏది అన్నది, అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం గలదని తేలుతుంది. నిజాంపేటలోని సాధారణ మూడు గదుల ఫ్లాటులో ఎంత తిప్పి లాగినా ఒక తీగ పొడవు 30 మీటర్లు దాటదు. ఆ దూరంలో నిజమైన రాగి క్యాట్ 5ఇ గిగాబిట్‌ను నిశ్చింతగా మోస్తుంది. క్యాట్ 6 అయితే, సాధారణంగా 55 మీటర్ల లోపు 10 గిగాబిట్లను కూడా మోయగలదు. క్యాట్ 6ఏ మందంగా, బిరుసుగా ఉండి ఇంటి స్విచ్ పెట్టెలో వంగదు. అది 90 మీటర్ల పొడవులుండే కార్యాలయపు అంతస్తుకు తగినది. ఇంటికి క్యాట్ 6 రాగి తీగ సరిపోతుంది. కవచం ఉన్న తీగలకు రెండు చివరలా సరైన ఎర్తింగ్ ఏర్పాటు కావాలి. ఎర్తింగ్ అనిశ్చితంగా ఉన్న భవనాలలో వాటి వల్ల ప్రయోజనం తక్కువ.

గోడ ప్లేటు ఎంపిక ఇంతకంటే మెలిక గలది. కార్యాలయాలలో వాడే ఫేస్‌ప్లేట్లు అమెరికా, బ్రిటన్ కొలతల పెట్టెలకు సరిపోతాయి. భారతీయ ఇళ్లలో మాడ్యులర్ స్విచ్ పెట్టెల కొలత వేరు. రెండు, మూడు, నాలుగు, ఆరు మాడ్యూళ్ల లెక్క. అందువల్ల ఇంటికి స్విచ్‌లు ఏ సంస్థవో ఆ సంస్థ డేటా మాడ్యూలునే కొనవలసివస్తుంది. యాంకర్ రోమా, లెగ్రాండ్ వంటి సంస్థలు ఇవి తయారుచేస్తాయి. కొన్నిటిలో జాక్ మాడ్యూలులోనే అతికి ఉంటుంది. కొన్నిటిలో ఖాళీ మాడ్యూలు ఉండి, అందులో వేరే సంస్థ కీస్టోన్ జాక్‌ను బిగించవచ్చు. రెండవ రకమే మేలు. జాక్ చెడితే ప్లేటును వదలి జాక్‌ను మార్చవచ్చు. దుకాణంలో టెలిఫోనుకు చెందిన ఆర్.జె.11 మాడ్యూలును డేటా మాడ్యూలుగా పొరబడి కొన్న సందర్భాలకు కొదవలేదు. పైకి రెండూ ఒకే తెల్లని చతురస్రాలు.

పెట్టె లోతు కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో గాడి లోతు తక్కువ. లోతులేని పెట్టెలో తీగ వెంటనే మడత పడి వంపు హద్దు దాటుతుంది. అదే పెట్టెలో 230 వోల్టుల సాకెట్ ఉంటే సమస్య రెట్టింపవుతుంది. విద్యుత్, డేటా తీగలు ఒకే పైపులో, ఒకే పెట్టెలో కలిసి ఉండరాదన్న నియమం వినికిడికి సాంకేతికం. దాని మూలం మాత్రం ప్రాణభద్రత.

ఇక పైపు. గోడలోని పైపులో తీగలు సుమారు 40 శాతం చోటును మించి ఆక్రమించరాదని ప్రమాణం. ఆ లెక్కన 20 మిల్లీమీటర్ల పైపులో రెండు మూడు క్యాట్ 6 తీగలు, 25 మిల్లీమీటర్ల పైపులో నాలుగు సుఖంగా పడతాయి. ధరలో తేడా మీటరుకు కొద్ది రూపాయలే. కేబులు తరగతి కొన్నేళ్లకోసారి మారింది, స్లాబులోని పైపు భవనం ఉన్నంతకాలం ఉంటుంది. కాబట్టి అసలు ఎంపిక పైపు, అది చేరే చోటు. రౌటరు స్థానం నుండి ప్రతి గదికీ విడిగా ఒక పైపు, షాఫ్టు నుండి రౌటరు స్థానానికి మరొకటి, అన్నిటిలోనూ లాగడానికి ఒక నైలాన్ తాడు. అల్యూమినియం అచ్చులతో గోడలు కూడా కాంక్రీటుగా పోసే ‘మైవాన్’ పద్ధతి పెద్ద సముదాయాలలో వ్యాపించాక ఈ నిర్ణయం మరింత కఠినమైంది. ఆ గోడలో తరువాత గాడి కొట్టడం కుదరదు. వైఫైకి కూడా ఆ గోడ ఇటుక గోడ కంటే పెద్ద ఆటంకం.

8. షాఫ్టు ఎవరిది, స్తంభం ఎవరిది

2016 జాతీయ భవన నియమావళి ఎనిమిదవ భాగంలో సమాచార, ప్రసార సదుపాయాల కోసం మొదటిసారి ఒక ప్రత్యేక విభాగం చేరింది. నియమావళి సలహా మాత్రమే. స్థానిక నిబంధనలలో చేరితేనే అమలవుతుంది. 2017 జనవరిలో ట్రాయ్ భవనాల లోపలి ప్రవేశంపై సిఫారసులు చేసింది. బిల్డరు లేదా సంఘం ఒకే సంస్థతో ఒప్పందం చేసుకొని మిగిలినవారిని అడ్డుకోవడం దాని ఆందోళన. 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ అనుసంధాన రేటింగ్ ఇచ్చే నియమాలు వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా కట్టబోయే భవనాలను చూస్తాయి. 2005 నుండి 2018 వరకు పంచాయతీ నిజాంపేటలో లేచిన అపార్ట్‌మెంట్లు వీటి నీడకు వెలుపలే ఉన్నాయి.

భవనం లోపల చోటు లేని తీగ భవనం బయట వేలాడుతుంది. నగరమంతటా విద్యుత్ స్తంభాల మీద కేబుళ్ల మోపులకు మూలం ఒక భాగం వీధిలో భూగర్భ నాళాలు లేకపోవడం, మరో భాగం భవనాల లోపల షాఫ్టులు లేకపోవడం. 2025 ఆగస్టులో నగరానికి తూర్పున రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి అయిదుగురు మరణించారు. ఆ తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది ఇంటర్నెట్, టీవీ కేబుళ్లను తొలగించడం ప్రారంభించింది. అనేక ప్రాంతాలలో సేవలు నిలిచిపోయాయి. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. స్తంభం విద్యుత్ సంస్థది, తీగ టెలికాం సంస్థది, కొక్కెం వేసినది స్థానిక ఆపరేటరు మనిషి, ఆ తీగ చివరన ఉన్నది ఆ రోజు సమావేశంలో ఉన్న ఉద్యోగి.

ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరులో ప్రారంభించిన ఫైబర్‌నెట్ కూడా ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదనే నడిచింది. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల సేవ అందించడం ఆ ఎంపిక వల్లనే సాధ్యమైంది. తెలంగాణ టి-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలలోనే నాళాలు వేసే దారి ఎంచుకుంది. ఆ రెండు దారులూ ఊరి వరకు, వీధి వరకు వచ్చి ఆగుతాయి. వీధి నుండి నాలుగవ అంతస్తు ఫ్లాటు గోడ వరకు మిగిలిన అరవై డెబ్బై మీటర్లు ఇప్పటికీ అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక సమావేశంలో లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు పద్దుల తరువాత చర్చకు వచ్చే అంశం. కొన్ని సంఘాలు షాఫ్టులో రెండు అంగుళాల పైపు ఒకటి అయిదంతస్తులూ దించి, ప్రతి అంతస్తులో ఒక పెట్టె పెట్టి, ఏ సంస్థ తీగైనా అందులోంచే రావాలని తీర్మానించుకుంటున్నాయి. ఆ తీర్మానం ఖర్చు ఒక్కో ఫ్లాటుకు ఒక నెల నిర్వహణ రుసుము కంటే తక్కువ కావచ్చు. తీర్మానం జరగాలంటే మాత్రం అద్దెకు ఇచ్చి విదేశాలలో ఉన్న యజమానుల సంతకాలు కూడా కావాలి.